కరెంటు కాసేపే, మిగతాదంతా తలనూనెతో తగాదా

సంక్రాంతికి ఇంటికెళ్తే మా మావయ్య అరుగు మీద అందరి ముందూ అడిగేశాడు. "ఏటమ్మా, నువ్వు బెంగళూర్లో మనుషుల్ని తొంగోబెట్టి తలకి కరెంటు పెడతన్నావంట, నిజవేనా?" మాది ఆమదాలవలస దగ్గర పల్లె. మా వైపు తలకి కరెంటు పెట్టడం అంటే జనానికి తట్టేది ఒకటే, విశాఖలో చినవాల్తేరు ఆసుపత్రి. ఆ ఊరి పేరెత్తితే చాలు, పిచ్చి అన్న మాట వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి ఆయన ప్రశ్నలో సగం ఎగతాళి ఉంటే సగం నిజమైన బెంగ ఉంది, మేనకోడలు ఇంత చదువు చదివి ఇదేం పనిలో పడిందిరా అని.

నిజమే, పెడతాను. నేను నిద్ర మీదా, మెదడుకి బయటి నుంచి ఇచ్చే ప్రేరణ మీదా పని చేసే ఒక ల్యాబులో రీసెర్చ్ అసిస్టెంటుని. కానీ ఆయన అనుకునే కరెంటు వేరు, మాది వేరు. డిప్రెషన్ బాగా ముదిరినవాళ్ళకి మత్తు ఇచ్చి డాక్టర్లు చేసే ఈసీటీలో 800 మిల్లీఆంపియర్ల స్థాయిలో కరెంటు పంపుతారు, అదీ కొన్ని సెకన్లు, మూర్ఛ తెప్పించడం కోసమే. అది మంచి వైద్యమే, సినిమాలు దాని పేరు పాడు చేశాయి, ఆ గొడవ ఇంకోసారి. మేం వాడే టీడీసీఎస్ అనే పద్ధతిలో వెళ్ళేది 1 నుంచి 2 మిల్లీఆంపియర్లు. ఉప్పునీళ్ళలో తడిపిన రెండు స్పాంజీలు, వాటి వెనక రబ్బరు పలకలు, బ్యాటరీతో నడిచే చిన్న పెట్టె. మూర్ఛ రాదు, ఒళ్ళు ఎగిరిపడదు, తెలిసేదల్లా చీమ పాకినట్టు కాస్త దురద. 2000లో జర్మనీలోని గోటింగెన్‌లో నిట్షె, పౌలుస్ అనే ఇద్దరు, ఇంత చిన్న కరెంటు కూడా మెదడులో కదలికల్ని నడిపే భాగం స్పందనని పెంచగలదు, తగ్గించగలదు అని చూపించాక ఈ పద్ధతికి మళ్ళీ ఊపొచ్చింది.

అయితే మావయ్యకి నేను చెప్పాలనుకున్నది ఇది కాదు. ఒక రాత్రి డ్యూటీలో నేను కరెంటు ఇచ్చేది మహా అయితే అరగంట. మిగతా పదకొండు గంటలూ నేను చేసేది, తెర మీద కనిపిస్తున్న గీత మెదడుదేనా, ఇంకేదైనానా అని అనుమానపడడం. జీతం ఆ అనుమానానికే ఇస్తారు. ఇది నమ్మించడానికి నాకు పిన్ని కుట్టుమిషను మీదున్న టేపు దొరికింది.

తీగలు తల మీద ఎక్కడెక్కడ అంటించాలో మేం కొలిచే తేల్చుకుంటాం. మావయ్యని కుర్చీలో కూర్చోబెట్టి, రెండు కనుబొమల మధ్య ముక్కు మొదలయ్యే గుంట దగ్గర టేపు మొదలుపెట్టి నడినెత్తి మీదుగా వెనక్కి, మెడకి పైన చేతికి బొడిపెలా తగిలే ఎముక దాకా కొలిచాను. 36 సెంటీమీటర్లు. సగం 18, అక్కడ పిన్ని కాటుక పుల్లతో చిన్న గీత. ఇప్పుడు ఒక చెవి ముందు గుంట నుంచి ఇంకో చెవి ముందు గుంట దాకా, నెత్తి మీదుగా. 37. సగం పద్దెనిమిదిన్నర, ఇంకో గీత. రెండు గీతలూ కోసుకున్న చోటు నడినెత్తి, మా భాషలో సీజెడ్. అక్కడి నుంచి ఎడమ చెవి వైపు ఆ 37లో 20 శాతం, అంటే 7.4 సెంటీమీటర్లు దిగితే సీ3, కుడి వైపు దిగితే సీ4. ఎడమవన్నీ బేసి అంకెలు, కుడివన్నీ సరి అంకెలు. దూరాలన్నీ 10 శాతం, 20 శాతం లెక్కలో ఉంటాయి కాబట్టి దీన్ని టెన్-ట్వంటీ పద్ధతి అంటారు, 1958లో హెర్బర్ట్ జాస్పర్ పెట్టిన లెక్క. శాతాలు ఎందుకంటే మావయ్య తల పెద్దది, మా తమ్ముడి తల చిన్నది, సెంటీమీటర్లలో చెప్తే ఇద్దరికీ ఒకే చోటు రాదు.

"కొలిసీసినావు గదా, మరి ఏటి తేలింది? లోపల గుజ్జుందా?" అన్నాడు.

తేలింది ఒకటే. ఆయన తలకి పట్టించిన కొబ్బరినూనె టేపుకి అంటుకుని, కాటుక గీత నిలబడలేదు. మా ఉద్యోగంలో మొదటి శత్రువు అదే.

మెదడు నుంచి చర్మం దాకా వచ్చేసరికి మిగిలే సంకేతం వోల్టులో పది లక్షల వంతుల లెక్కలో ఉంటుంది, పదో, ఇరవయ్యో, గాఢనిద్రలో అయితే వందో మైక్రోవోల్టులు. గోడలోని ప్లగ్గులో 230 వోల్టులు. ఎలక్ట్రోడుకీ, అంటే తీగ చివర తలకి అంటించే లోహపు బిళ్ళకీ, చర్మానికీ మధ్య నూనె పొర ఉంటే కరెంటు దారి మూసుకుపోతుంది, అప్పుడు ఆ తీగ మెదడుని వినడం మానేసి గదిలో ఉన్న ట్యూబులైటునీ ఫ్యానునీ వింటుంది. మన దేశంలో సరఫరా సెకనుకి 50 ఆవృత్తులు కాబట్టి తెర మీద 50 హెర్ట్జ్‌ల గీత దట్టంగా, నల్లగా, గొంగళిపురుగులా పాకుతుంది. అది రాకుండా ఉండాలంటే ప్రతి ఎలక్ట్రోడు దగ్గరా అడ్డంకి 5 కిలో ఓముల లోపు దిగాలి. దానికోసం జుట్టు పాయ తీసి, దూది పుల్ల మీద గరుకు జెల్ వేసుకుని, వంట గిన్నె అడుగు తోమినట్టు కాదు గానీ దాదాపు అలాగే ఆ ఒక్క చోట రుద్ది, తర్వాత అంటుకునే పేస్టు నింపిన చిన్న గిన్నెలాంటి ఎలక్ట్రోడుని నొక్కి, పైన గాజుగుడ్డ ముక్క పెట్టాలి. తలకి ఆరేడు, చెవుల వెనక రెండు, కళ్ళ పక్కన రెండు, గడ్డం కింద మూడు, కాళ్ళకి, గుండెకి, ముక్కు దగ్గర ఊపిరి చూసే గొట్టం, పొట్టకీ ఛాతీకీ పట్టీలు, వేలికి ఆక్సిజన్ క్లిప్పు. అలవాటైన చేతికి గంట, గంటన్నర. మొదట్లో నాకు రెండున్నర గంటలు పట్టేది, పాపం ఆ మనిషి నేను పూర్తి చేసేలోపే కూర్చునే జోగేవాడు.

వచ్చేముందు తలస్నానం చేసి రండి, నూనె రాయకండి అని రెండుసార్లు ఫోన్ చేసి చెప్తాం. అయినా ఎవరో ఒకరు రాసుకునే వస్తారు. బయటికెళ్తున్నప్పుడు నూనె లేకుండా, రేగిన తలతో ఎలా వెళ్తారు మరి? మా పిన్ని కూడా అదే అంది.

అన్నీ పెట్టాక లైటు తీసేముందు ఒక చిన్న తంతు ఉంటుంది. మైకులోంచి చెప్తాం, కళ్ళు తెరిచి ముప్ఫై సెకన్లు ఉండండి, ఇప్పుడు మూయండి, కళ్ళు మాత్రమే ఎడమకి కుడికి తిప్పండి, అయిదుసార్లు రెప్పలు కొట్టండి, పళ్ళు బిగించండి, కాస్సేపు ఊపిరి బిగపట్టండి, ఎడమ పాదం ఆడించండి. ఏ తీగ ఏం చెప్తోందో సరిచూసుకోవడం అన్నమాట. నాకు ఈ పనిలో ఇప్పటికీ విసుగు పుట్టని క్షణం ఒకటుంది. మనిషి కళ్ళు మూసిన ఒకటి రెండు సెకన్లలో తల వెనక భాగం నుంచి వచ్చే గీత చిందరవందర మానేసి, సెకనుకి పది చొప్పున చక్కగా ఊగడం మొదలుపెడుతుంది. కళ్ళు తెరిస్తే మాయం. జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనిషి తల మీద నుంచి ఈ గీతల్ని పట్టుకుని, అయిదేళ్ళ పాటు తన లెక్క మీద తనకే అనుమానంతో మళ్ళీ మళ్ళీ చూసుకుని 1929లో గానీ అచ్చువేయలేదు. అయిదేళ్ళు! ఇప్పుడు మా దగ్గర ఆరు నెలలకే పేపర్ ఏదీ అంటారు.

ఇక నిద్ర. రాత్రంతా రికార్డు చేసినదాన్ని ముప్ఫై సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకీ ఒక పేరు పెట్టాలి. ఎనిమిది గంటల రాత్రికి 960 ముక్కలు. మెలకువ, ఎన్1, ఎన్2, ఎన్3, రెమ్. ఈ పేర్లు చూసి కంగారు పడక్కర్లేదు, వీటిలో చాలావాటికి మన భాషలో ఎప్పటినుంచో మాటలున్నాయి, ఇంకా మంచి మాటలు.

ఎన్1 అంటే మాగన్ను. కళ్ళు మూసుకున్నావు, ఆ పదేసి ఊగే గీత చెదిరిపోయింది, కనుగుడ్లు మెల్లగా అటూ ఇటూ దొర్లుతున్నాయి, టీవీ వినపడుతూనే ఉంది గానీ ఏమన్నారో తెలియదు. ఈ దశలో లేపితే చాలామంది "నేనెక్కడ పడుకున్నాను, కళ్ళు మూసుకున్నానంతే" అంటారు. మా తాత మధ్యాహ్నం పడక కుర్చీలో రోజూ చెప్పిన మాట అదే, గురక వినపడుతున్నా సరే. తమాషా ఏమిటంటే ముక్కలకి పేర్లు పెట్టే నిపుణులు కూడా ఎక్కువగా తగువు పడేది ఈ మాగన్ను దగ్గరే. 2013లో వచ్చిన ఒక లెక్కలో 2,500 మందికి పైగా స్కోరర్లకి ఒకే ముక్కలు చూపిస్తే మొత్తం మీద 82.6 శాతం ఒప్పుకోలు వచ్చింది, ఎన్1కి మాత్రం 63 శాతమే. అంటే మా తాత మరీ అంత అబద్ధాలకోరు కాడు.

ఎన్2 కోడికునుకు కంటే కాస్త గట్టి నిద్ర. ఇక్కడ రెండు గుర్తులు చూస్తాం. ఒకటి స్పిండిల్, అంటే అచ్చంగా కదురే. సెకనుకి 11 నుంచి 16 సార్లు ఊగే చిన్న తరంగాల గుత్తి, అర సెకను నుంచి ఒకటి రెండు సెకన్లు, మొదట సన్నగా మొదలై నడుమ ఉబ్బి మళ్ళీ సన్నబడుతుంది. పొందూరులో కదురుకి నూలు చుట్టుకుంటే ఎలా ఉంటుందో చూసినవాళ్ళకి ఆ పేరు ఎందుకు పెట్టారో విడమరిచి చెప్పక్కర్లేదు, మా సీనియర్‌కి మాత్రం నేను ఫోన్లో ఫొటో తీసి చూపించాల్సొచ్చింది. రెండోది కే-కాంప్లెక్స్, ఒక్క పెద్ద ముల్లు పైకి లేచి వెంటనే కిందికి దిగుతుంది. ఇది దానంతటదీ వస్తుంది, బయట కుక్క మొరిగినా వస్తుంది. మెదడు ఒకసారి తలెత్తి చూసి, మనది కాదులే అని మళ్ళీ పడుకున్నట్టు.

ఎన్3 గాఢనిద్ర. సెకనుకి ఒకటి రెండుసార్లు, అంతకంటే నెమ్మదిగా కూడా, పెద్ద పెద్ద అలలు. 75 మైక్రోవోల్టుల కంటే ఎత్తైన అలలు ఆ ముప్ఫై సెకన్లలో కనీసం ఆరు సెకన్లు ఉంటే ఎన్3 అని రాస్తాం. లక్షల కణాలు ఒక్కసారిగా ఊరుకోవడం, ఒక్కసారిగా మళ్ళీ మాట్లాడ్డం వల్ల వచ్చే అలలవి. రెమ్ గురించి అందరికీ తెలుసు, కనుగుడ్లు చకచకా తిరుగుతాయి, కలలు ఎక్కువ, గడ్డం కింద కండరం సడలిపోతుంది. 1953లో షికాగోలో బయటపడింది. దాన్ని ఇక్కడితో వదిలేస్తాను, నా గొడవంతా ఎన్3తోనే.

గొడవ అంటే నిజంగా గొడవే. చేరిన మొదటి నెలలో ఒక రాత్రి రికార్డింగుని స్కోర్ చేస్తూ, ఒక కుర్రాడికి తెల్లవారుజామున ఏకబిగిన ముప్ఫై ముక్కలు, అంటే పదిహేను నిమిషాల గాఢనిద్ర రాసి పడేశాను. ఎంత అందమైన అలలో, పెద్దవీ, నెమ్మదైనవీ. సీనియర్ వచ్చి ఒక నిమిషం చూసి అడిగాడు, "ఆ రాత్రి ఏసీ పనిచేసిందా?" లేదు. మూడింటికి ఆగిపోయింది, లాగుబుక్కులో నా చేత్తో నేనే రాశాను. తలుపులూ కిటికీలూ బిగించిన గదిలో ఆ అబ్బాయి చెమటలో నానిపోయాడు. చెమటలోని ఉప్పు ఎలక్ట్రోడు కింద చేరితే గీత మెల్లగా పైకీ కిందికీ తేలుతుంది, చూపుకి అచ్చం గాఢనిద్ర అలలాగే ఉంటుంది, కాకపోతే ఇంకా నెమ్మది. గడ్డం కండరం బిగిసే ఉంది, కదురు ఒక్కటీ లేదు, మధ్యలో రెండుసార్లు పక్క దొర్లాడు, ఇవన్నీ తెర మీదే ఉన్నాయి, నేను చూడలేదు. నాకు కావలసింది గాఢనిద్ర కాబట్టి గాఢనిద్రే కనపడింది. "వాడు నిద్రలో లేడమ్మా, ఉక్కపోతలో ఉన్నాడు" అన్నాడు సీనియర్. మే నెల శ్రీకాకుళం ఉక్కలో పెరిగినదాన్ని, ఉక్కపోతని గుర్తుపట్టలేకపోయాను చూడండి, సిగ్గేసింది. ఆ ముక్కలన్నీ మెలకువ కింద మార్చాను.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం, ఎందుకంటే మా తమ్ముడు అప్పటికే ఫోన్లో ఏదో వెతికి, "అక్కా, నిద్రలో కరెంటు పెట్టుకుంటే జ్ఞాపకశక్తి పెరుగుతుందంట గదా, డీఎస్సీకి పనికొస్తదా?" అని తగులుకున్నాడు. వాడు చదివింది పూర్తిగా అబద్ధం కాదు, అదే చిక్కు.

2006లో జర్మనీలోని ల్యూబెక్ నుంచి లిసా మార్షల్, యాన్ బోర్న్ బృందం నేచర్ పత్రికలో ఒక పేపర్ వేసింది. పదముగ్గురు వైద్య విద్యార్థులు. పడుకునే ముందు జంట మాటలు నేర్పించారు, ఒక మాట చెప్తే దాని జంట మాట చెప్పాలి. నిద్రపట్టాక నుదుటి పైభాగంలో రెండు వైపులా, ఒక్కో వైపు పావు మిల్లీఆంపియరు ప్రాంతంలో, సెకనుకి 0.75 సార్లు పెరిగి తగ్గేలా కరెంటు ఇచ్చారు. అంటే గాఢనిద్ర అల ఏ వేగంతో ఊగుతుందో అదే వేగంతో. ఉయ్యాల ఊగేటప్పుడు సరైన సమయంలో చిన్న తోపు తోస్తే ఇంకా ఎత్తుకి వెళ్తుంది కదా, అదే ఊహ. అయిదేసి నిమిషాల చొప్పున అయిదుసార్లు, నడుమ ఒక నిమిషం విరామం. అదే విద్యార్థులు ఇంకో రాత్రి తీగలన్నీ పెట్టుకుని కరెంటు లేకుండా పడుకున్నారు. పొద్దున అడిగితే కరెంటు రాత్రి తర్వాత రెండు మూడు జంటలు ఎక్కువ గుర్తున్నాయి. అంతే. రెండు మూడు జంటలు. కానీ నిద్ర అల జ్ఞాపకానికి గుర్తు మాత్రమే అనుకుంటుంటే, అలని పెంచితే జ్ఞాపకం పెరిగింది, కాబట్టి అలే కారణం అని వాదించడానికి దారి దొరికింది. అందుకే అంత సంచలనం.

తర్వాత చాలామంది అదే మళ్ళీ చేసి చూశారు. కొందరికి వచ్చింది, కొందరికి రాలేదు. రాకపోవడానికి ఎన్ని కారణాలుండొచ్చో ల్యాబులో కూర్చుంటేనే తెలుస్తుంది. కరెంటు నడుస్తున్నంతసేపూ ఈఈజీ తెర, అంటే ఆ మెదడు గీతలు చూపే తెర, చెడిపోతుంది, మనం పంపే కరెంటు మెదడు సంకేతం కంటే ఎన్నో వేల రెట్లు పెద్దది కాబట్టి గీత పైకంటా వెళ్ళి అతుక్కుపోతుంది. తిరనాళ్ళలో మైకు పక్కన నిలబడి ఎవరో చెవిలో చెప్పే రహస్యం వినడంలాంటిది. అందువల్ల మెదడు ఏం చేసిందో చూడగలిగేది ఆ ఒక్క నిమిషం విరామాల్లోనే, అది కూడా మొదటి కొన్ని సెకన్లు పోగా. ఆ విరామంలో అల పెరిగినట్టు కనపడితే, అది మెదడు అలా, స్పాంజి కింద తడి ఆరుతూ తేలిన గీతా? నా చెమట కథ గుర్తుందిగా.

దీనికి తోడు ఉత్తుత్తి కరెంటు సమస్య. మేం సగం రాత్రులు నిజం కరెంటు, సగం రాత్రులు ఉత్తుత్తిది ఇస్తాం. మెలకువలో చేసే పరీక్షల్లో అయితే ఉత్తుత్తి రోజున కూడా మొదటి అర నిమిషం నిజంగానే కరెంటు పెంచి, ఆ దురద తెలిశాక మెల్లగా తగ్గించేస్తాం, మనిషికి ఏది ఏదో తెలియకూడదని. 1 మిల్లీఆంపియరు దగ్గర ఇది బాగానే పనిచేస్తుంది, 2 దగ్గర కొందరు కనిపెట్టేస్తారు. నిద్రలో ఉన్నవాడికి దురద తెలియదు, బాగానే ఉంది, కానీ నాకు తెలిసిపోతుంది! తెర చెడిపోతే నిజం, చెడిపోకపోతే ఉత్తుత్తి. తెలిశాక పొద్దున్నే ఆ మనిషిని జంట మాటలు అడిగేటప్పుడు నా గొంతులో, ఆగే ఆ అర సెకనులో ఏదో ఒకటి దొర్లుతుంది. కాబట్టి రాత్రి కూర్చున్నవాళ్ళు పొద్దున పరీక్ష పెట్టకూడదు, స్కోరింగ్ మూడో మనిషి చెయ్యాలి, ఏ రాత్రి నిజమో ఏది ఉత్తుత్తిదో చెప్పే కోడ్ ఇంకెవరి దగ్గరో ఉండాలి. చిన్న ల్యాబులో ఇద్దరే ఉంటే ఇది ఎలా కుదురుతుందో నన్ను అడగకండి, కుదిరించాలి, లేకపోతే రాత్రంతా మేలుకున్నదంతా దండగ.

ఇంకో దెబ్బ వేరే వైపు నుంచి తగిలింది. న్యూయార్క్‌లో పనిచేసే బుజాకీ బృందం మృతదేహాల తలల మీద కరెంటు పెట్టి లోపల కొలిచింది, 2018లో అచ్చయింది. చర్మం మీద పెట్టిన కరెంటులో సుమారు 75 శాతం చర్మంలో, కండలో, ఎముకలో దారి తప్పి మెదడు దాకా చేరడం లేదు. దానికి ఒక ఏడాది ముందు, 2017లో, మూర్ఛ ఆపరేషను కోసం తల లోపల ఎలక్ట్రోడ్లు పెట్టించుకుని ఉన్న రోగుల్లో ఇంకో బృందం నేరుగా చూసింది. బయటి నుంచి ఆ 0.75 లయలో కరెంటు ఇస్తే నిద్ర అలలు ఆ లయకి కట్టుబడ్డాయా? కట్టుబడలేదు.

అయితే 2006 నాటిది తప్పా? అలా తేల్చేసేవాళ్ళు ఉన్నారు, నాకైతే ఆ తొందర నచ్చదు. చర్మంలోని నరాలు కరెంటుకి స్పందించి అవి మెదడుకి ఏదో చెప్తుండొచ్చు. కొందరి కపాలం పలచగా ఉండొచ్చు. పదముగ్గురే కాబట్టి అదృష్టం కూడా కావచ్చు. నా వరకు నాకు ఒకటి మాత్రం గట్టిగా తెలుసు, దీన్ని పట్టుకుని తమ్ముడు డీఎస్సీ రాయలేడు. వాడు ఆన్‌లైన్లో 9 వోల్టుల బ్యాటరీతో చేసుకునే కిట్ ఒకటి చూపించాడు, నేను ఫోన్ లాక్కున్నాను. మా దగ్గరైతే మూర్ఛ చరిత్ర ఉన్నా, తలలో లోహపు ముక్క ఉన్నా, పేస్‌మేకర్ ఉన్నా, గర్భం ఉన్నా ముందే వద్దని పంపించేస్తాం. స్పాంజి ఆరిపోతే చర్మం కాలుతుంది, చూస్తూ కూర్చోడానికి నేనుంటాను. ఆ కిట్ కొన్నవాడి గదిలో ఎవరుంటారు?

అయస్కాంతంతో చేసేది ఇంకొకటుంది, టీఎంఎస్. 1985లో షెఫీల్డ్‌లో ఆంటొనీ బార్కర్ మొదలుపెట్టాడు. తల మీద తీగ చుట్ట ఆనించి క్షణం పాటు గట్టి అయస్కాంత క్షేత్రం పుట్టిస్తే, సరైన చోట పెడితే బొటనవేలు దానంతటదే ఎగురుతుంది, చూసినవాళ్ళు మొదటిసారి తప్పకుండా నవ్వుతారు. దీంతో నిద్రపోతున్న మనిషిలో గాఢనిద్ర అలని కోరిన క్షణానికి పుట్టించొచ్చని 2007లో మాసిమీని, టొనోని వాళ్ళు చూపించారు. కానీ ఒక్కో దెబ్బకీ టపాకాయ పేలినట్టు టక్కుమంటుంది, చెవుల్లో హోరు పెట్టి నిద్రపుచ్చి, ఆ చుట్టని తల మీంచి కదలకుండా రాత్రంతా పట్టుకోవాలంటే ఎవరి వల్లా అయ్యే పని కాదు.

ఈమధ్య నాకు ఆశ ఉన్నది శబ్దం మీద. 2013లో ట్యూబింగెన్‌లో పదకొండు మందితో చేశారు. నిద్ర అలని కంప్యూటర్ ఎప్పటికప్పుడు చూస్తూ, అల పైకి లేచే క్షణం లెక్కగట్టి సరిగ్గా అప్పుడు చెవిలో సెకనులో ఇరవయ్యో వంతు సేపు సన్నటి హోరు వినిపిస్తుంది. అలకి తగ్గట్టు వినిపిస్తే అల పెరిగింది, పొద్దున జంట మాటలు బాగా గుర్తున్నాయి. అలకి ఎదురుగా వినిపిస్తే ఏమీ లేదు. ఇందులో నాకు నచ్చేదేమిటంటే చెవి దారి మెదడు దాకా ఉన్నదే, కపాలం అడ్డు లేదు, తెర చెడిపోదు, ఏం జరుగుతోందో చూస్తూ ఉండొచ్చు. జ్ఞాపకం సంగతిలో ఇక్కడ కూడా అందరికీ ఒకే ఫలితం రాలేదు, కానీ అల మాత్రం స్పందిస్తుంది, అది నేను నా కళ్ళతో చూశాను.

"సెవిలో సప్పుడైతే మెలకువ రాదేటే?" అంది పిన్ని. వస్తుంది, గట్టిగా పెడితే. అందుకే ఒక్కొక్కరికీ పడుకునే ముందు ఎంత చిన్న శబ్దం వినపడుతుందో చూసి దానికి తగ్గట్టు పెడతాం, పక్క దొర్లితే వెంటనే ఆపేస్తాం.

ఇవన్నీ ఒక ఎత్తు, ఒప్పుకోలు కాగితం ఒక ఎత్తు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నియమాల ప్రకారం మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పాలి, ఎప్పుడైనా మానేయొచ్చని చెప్పాలి, చదువురానివాళ్ళు వేలిముద్ర వేస్తే పక్షపాతం లేని సాక్షి ఉండాలి. మా దగ్గరికి తెలుగువాళ్ళు బాగానే వస్తారు, వాళ్ళ కోసం తెలుగు కాగితం తయారై వచ్చింది. అందులో "కపాలాంతర ప్రత్యక్ష విద్యుత్ ప్రేరణ" అని ఉంది. అది చదివి సంతకం పెట్టినవాడికి ఏం అర్థమైందని చెప్పగలం? నేను కూర్చుని "మీ తల మీద తడి స్పాంజీలు రెండు పెట్టి, బ్యాటరీ పెట్టె నుంచి చాలా కొద్ది కరెంటు పంపుతాం. చీమ పాకినట్టు ఉండొచ్చు, కాస్త ఎర్రబడొచ్చు, తలనొప్పి రావొచ్చు. వద్దనిపిస్తే అర్ధరాత్రి అయినా చెప్పండి, తీసేస్తాం, డబ్బులు తగ్గించం" అని రాసి పంపితే, ఎథిక్స్ కమిటీ దాన్నే ఒప్పుకుంది. నా ఉద్యోగంలో నేను గర్వపడే మూడు వాక్యాలవి.

ఈ విషయంలో నాకు పట్టుదల రావడానికి కారణం మా జిల్లాయే. ఉద్దానంలో కిడ్నీ జబ్బు మీద ఎన్నో ఏళ్ళుగా బృందాలు వచ్చి నీళ్ళు, రక్తం, మూత్రం తీసుకెళ్ళాయి, కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. మాకు కవిటి వైపు చుట్టాలున్నారు. పరిశోధన అన్న మాట వినపడితే వాళ్ళు మొదట అడిగేది "మా రగతం అట్టుకెల్లినారు, మరి మాకేటి సెప్పినారు?" అని. అందుకే నేను పొద్దున్నే తీగలు విప్పాక, ప్రతి మనిషికీ తన రాత్రి గీతని తెర మీద చూపిస్తాను, ఇదిగో ఇక్కడ మీకు నిద్రపట్టింది, ఇది మీ గాఢనిద్ర, ఇక్కడ మీరు లేచి నీళ్ళు తాగారు అని. పది నిమిషాలు పడుతుంది. రూల్సులో లేదు.

ఈ ఉద్యోగంలో చేరాలనుకునే మా వైపు పిల్లలకి డిగ్రీ ఇదే ఉండాలని ఏమీ లేదు. సైకాలజీ, ఫిజియోథెరపీ, బీటెక్ ఈసీఈ, లైఫ్ సైన్సెస్, అన్ని రకాలవాళ్ళం ఉన్నాం. పైథాన్ అనే కంప్యూటర్ భాష కాస్త వస్తే మంచిది, చేతివేళ్ళలో ఓపిక ఉంటే ఇంకా మంచిది. నెట్ లేదా గేట్ ఉండి, పరిశోధకులకిచ్చే ఫెలోషిప్ అయిన జేఆర్‌ఎఫ్‌లో చేరితే 2023 నుంచి నెలకి 37,000, పైన ఇంటద్దె. మాలాంటి ప్రాజెక్టువాళ్ళకి అంతకంటే తక్కువ, ప్రాజెక్టు ఉన్నంతకాలమే ఉద్యోగం, నిధులు ఆలస్యమైతే జీతమూ ఆలస్యమే, నాకొకసారి మూడు నెలలు ఆగింది. నిద్ర గురించి పనిచేస్తూ వారానికి మూడు రాత్రులు మేలుకుంటాం, మధ్యాహ్నం హాస్టల్లో తెర దించుకుని పడుకుంటే పక్కగదిలో ప్రెషర్ కుక్కర్ కూస్తుంది, ఎన్ని కే-కాంప్లెక్సులు వచ్చుంటాయో నాకే తెలియదు.

కనుమ మర్నాడు బయల్దేరుతుంటే ల్యాబు నుంచి ఫోన్, మంగళవారం రాత్రికి ఒక వాలంటీరు ఖాయమయ్యాడట. నంబరు తీసుకుని మాట్లాడాను, అతనిది విజయనగరం దగ్గర గజపతినగరం, నా యాస వినగానే అతనికి ప్రాణం లేచొచ్చినట్టుంది. అన్నీ చెప్పాను, ఆ రోజు టీ కాఫీ మధ్యాహ్నం తర్వాత వద్దు, పగలు పడుకోవద్దు, తలస్నానం చేసి రావాలి, నూనె వద్దు.

"కుంకుడుకాయల్తో రుద్దుకుంటే పర్లేదాండీ?"

పర్లేదు అన్నాను. కండిషనర్ మాత్రం రాసుకోవద్దన్నాను.